పేర్లు మాత్రమే వేరా?

"దేవుడొక్కడే అన్నా, పేర్లే వేరు." దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి ఎల్బీనగర్ చౌరస్తా చేరేలోపు ఈ మాట ఏదో ఒక రూపంలో తగలకుండా ఉండదు. ఆటో అద్దం మీద "సబ్ కా మాలిక్ ఏక్" అని స్టిక్కరై ఉంటుంది. గురువారం సాయిబాబా గుడి క్యూలో నిలబడ్డ ఆమె నోట వినిపిస్తుంది. సర్వమత సమావేశాల్లో స్వామీజీ, మౌలానా, పాస్టరు ముగ్గురూ దీనితోనే మొదలుపెట్టి దీనితోనే ముగిస్తారు. మత గొడవ వార్త వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చలో ఎవరో ఒకరు దీన్ని చివరి మాటగా విసిరి లేచిపోతారు. ఇంతమంది ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్నారు కనుకనే దీన్ని ఎవరూ పట్టి చూడటం లేదు.

నా మాట సూటిగా చెబుతాను. ఇది రుజువైన సత్యం కాదు. ఒకటి రెండు చోట్ల పాక్షికంగా నిలబడుతుంది, మిగతా చోట్ల కూలిపోతుంది. మంచి ఉద్దేశంతో అంటున్నా దీనివల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు.

ముందు అవతలివాళ్ల వాదాన్ని వాళ్లు చెప్పేంత బలంగానే చెప్పుకుందాం. సృష్టికర్త అంటూ ఉంటే ఒక్కడే ఉండాలి, ఇద్దరు ఉండలేరు. కాబట్టి ఎవరు ఏ భాషలో ఏ పేరుతో సృష్టికర్తను పిలిచినా ఆ పిలుపు ఆ ఒక్కడికే చేరుతుంది. ఋగ్వేదం ఇదే అంటుంది, గీత ఇదే అంటుంది, అన్నమయ్యా ఇదే పాడాడు, ఖురాన్‌లోనూ మా దేవుడూ మీ దేవుడూ ఒక్కడేనన్న వాక్యం ఉంది. అరబ్బు క్రైస్తవులు తమ ప్రార్థనల్లో దేవుణ్ని అల్లా అనే అంటారు. పైగా, ఇది జనం నమ్మితే కొట్లాటలు తగ్గుతాయి. తర్కం, గ్రంథం, భాష, శాంతి: నాలుగు కాళ్ల మీద నిలబడిన వాదం. ఒక్కో కాలునూ తట్టి చూద్దాం.

1. ఒక్కడే ఉంటే, అన్ని పేర్లూ ఆయనవే అవుతాయా?

సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు ప్లాట్ల తగాదాలు తెలియనివాళ్లు ఎవరు? ఒకే సర్వే నంబరు, ఒకే రెండు వందల గజాలు, ఇద్దరి చేతుల్లో రెండు రిజిస్ట్రేషన్ కాగితాలు. ప్లాటుకు అసలు యజమాని ఒక్కడే అని ఇద్దరూ ఒప్పుకుంటారు. తగువే దాని మీద. యజమాని ఒక్కడే కాబట్టి ఈ రెండు కాగితాల్లోని పేర్లూ ఒకే మనిషివి అని ఏ జడ్జీ అయినా తీర్పు చెబితే, రెండు పక్షాల వకీళ్లూ కలిసి అప్పీలుకు పోతారు.

"దేవుడొక్కడే" అన్నది ఒక వాక్యం. "అందరూ కొలిచేది ఆ ఒక్కణ్నే" అన్నది ఇంకో వాక్యం. మొదటిదాన్ని ముస్లిం ఒప్పుకుంటాడు, క్రైస్తవుడు ఒప్పుకుంటాడు, అద్వైతి తన పద్ధతిలో ఒప్పుకుంటాడు. రెండోది మొదటిదాని నుంచి పుట్టదు. దేవుడు ఒక్కడేనని గట్టిగా నమ్మేవాడే, ఎదుటివాడు కొలిచేది ఆ దేవుణ్ని కాదని కూడా అంతే గట్టిగా నమ్మవచ్చు. ఏకేశ్వరవాద మతాలు పుట్టినప్పటినుంచీ చేస్తున్న పని అదే. మన సభల్లో ఈ రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో చెప్పేసి, మధ్యనున్న గుంతను ఎవరూ చూడకుండా దాటేస్తున్నారు.

ఇక్కడ అంధగజన్యాయం చెప్పేవాళ్లు వస్తారు. గుడ్డివాళ్లు ఏనుగును తడిమి ఒకడు చేట అన్నాడు, ఒకడు స్తంభం అన్నాడు, అందరూ తడిమింది ఒకే ఏనుగును అని. బాగుంది. ఆ కథ చెప్పేవాడికి మాత్రం చూపుంది. ఏనుగు మొత్తం అతనికి కనిపిస్తోంది కాబట్టే అందరూ తడిమింది ఏనుగునేనని చెప్పగలుగుతున్నాడు. మరి మసీదుకు పోయేవాడికీ, చర్చికి పోయేవాడికీ, గుడికి పోయేవాడికీ కనిపించనిది, వేదిక మీద మైకు పట్టుకున్న ఈయనకు ఎక్కణ్నుంచి కనిపించింది? వినయంగా వినిపించే ఈ కథలో ఉన్నంత అహంకారం నాకు ఇంకెక్కడా కనపడలేదు. అన్నట్టు, ఇది పాళీ బౌద్ధ గ్రంథం ఉదానంలో ఉన్న కథ. అక్కడ బుద్ధుడు దీన్ని తమలో తాము కొట్లాడుకునే మతవాదులను ఎత్తిపొడవడానికి చెప్పాడు. అందరూ కరెక్టేనని మెచ్చుకోవడానికి కాదు.

2. సాక్షులుగా పిలిచిన గ్రంథాలు ఏమంటున్నాయి?

ఉన్న సత్తు ఒక్కటే, విప్రులు దాన్ని పలు పేర్లతో పిలుస్తారనే ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలోని 46వ మంత్రాన్ని పట్టుకోని సర్వమత ఉపన్యాసం ఉండదు. అందులో పేర్లు చూడండి: ఇంద్రుడు, మిత్రుడు, వరుణుడు, అగ్ని, యముడు, మాతరిశ్వుడు. ఒకే యజ్ఞ సంప్రదాయంలో, ఒకే ఋషుల లోకంలో పిలుచుకునే దేవతల గురించి దీర్ఘతముడు అన్న మాట అది. అక్కడ ఒకటిగా చెప్పింది సత్తును. సీనాయి కొండ మీద ఆజ్ఞలిచ్చి, నేను తప్ప వేరే దేవుడు నీకుండకూడదని శాసించినవాణ్ని గురించి ఆ ఋషి ఏమీ అనలేదు. అనే అవకాశమూ లేదు. ఇంటివాళ్ల గురించి అన్న మాటను ఊరందరికీ అంటగట్టడం ఋషికీ న్యాయం కాదు, ఊరికీ న్యాయం కాదు.

గీత తొమ్మిదో అధ్యాయం 23వ శ్లోకం ఇంకా ఆసక్తికరం. వేరే దేవతలను శ్రద్ధతో కొలిచేవాళ్లు కూడా నన్నే కొలుస్తున్నారని కృష్ణుడు అంటాడు. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు మనవాళ్లు. అదే శ్లోకం చివర, అలా కొలవడం విధి తప్పిన కొలుపు అని కూడా అంటాడు. ఏడో అధ్యాయంలో, అలాంటివాళ్లకు దక్కే ఫలం అంతమైపోయేదేనని, వాళ్లను అల్పబుద్ధులని అంటాడు. అంటే పేర్లన్నీ సమానమని గీత చెప్పడం లేదు. అన్ని దారులూ తనవేననీ, తనను తెలిసి కొలిచే దారి పైదనీ చెబుతోంది. ఇది కృష్ణ భక్తుడికి ఎంతో గొప్ప మాట కావచ్చు. దాన్ని తీసుకెళ్లి మౌలానాకు చూపించి "మీరూ మేమూ ఒక్కటే" అంటే, ఆయన మొదటి సగం మాత్రమే విని నవ్వాలన్నమాట.

అన్నమయ్య కీర్తన సంగతీ అంతే. ఎవరు ఎంత తలిస్తే అంతటివాడివి అంటూ ఆయన వరసబెట్టినవాళ్లు వైష్ణవులు, వేదాంతులు, శైవులు, కాపాలికులు, శాక్తేయులు. బహమనీ సుల్తానులు దక్కనును ఏలుతున్న కాలంలో బతికిన మనిషి ఆ వరసలో తురకలను చేర్చలేదు. అందరినీ చెప్పి చివరికి వేంకటపతినే శరణు కోరి, తనకు అదే పరతత్వం అని ముగించాడు. తన దేవుడి విశాలత్వాన్ని పాడుకున్న భక్తుడాయన. ఆయన్ను సర్వమత ప్రతినిధిగా నియమించింది మనం.

ఇక ఖురాన్. 29వ సూరా 46వ వాక్యంలో మా దేవుడూ మీ దేవుడూ ఒక్కడేనన్న మాట ఉన్నది నిజమే. అది ఎవరితో అనమన్న మాట? గ్రంథ ప్రజలతో, అంటే యూదులతో, క్రైస్తవులతో. అదే ఖురాన్‌లో 109వ సూరా ఉంది, ఆరు వాక్యాల చిన్న సూరా. మీరు కొలిచేదాన్ని నేను కొలవను, నేను కొలిచేదాన్ని మీరు కొలవరు, మీ ధర్మం మీది, నా ధర్మం నాది అని దాని సారం. అది చెప్పింది మక్కాలోని విగ్రహారాధకులకు.

ఈ మక్కావాళ్ల సంగతి కాస్త ఆగి చూడాలి. వాళ్లకు అల్లా పేరు కొత్తది కాదు. ప్రవక్త తండ్రి పేరే అబ్దుల్లా. పైనున్న దేవుడిగా అల్లాను ఒప్పుకుంటూనే, లాత్, ఉజ్జా, మనాత్ వంటి దేవతలను కూడా కొలిచేవారు. ఇద్దరి నోటా ఒకే పేరు, ఒకే భాష, ఒకే ఊరు. అయినా మనం కొలిచేది ఒకటి కాదని ఆ సూరా తేల్చేసింది. పేరు ఒక్కటైన చోటే దేవుడు ఒక్కడు కాదంటుంటే, పేర్లు వేరైనా దేవుడొక్కడే అనడానికి ఇదే గ్రంథాన్ని సాక్ష్యం తెస్తున్నారు. చదివి తెస్తున్నారా అని నా అనుమానం.

3. చుట్టరికం ఎక్కడుందో అక్కడే ఈ వాదానికి బలం

యూదులు, క్రైస్తవులు, ముస్లింల విషయంలో ఈ వాదాన్ని కొట్టిపారేయలేం. ముగ్గురూ ఒకే కథను అందుకున్నవాళ్లు. అబ్రహామును పిలిచిన దేవుడు, మోషేతో మాట్లాడిన దేవుడు అని ముగ్గురూ వేలు చూపేది ఒకే చోటికి. ఆ దేవుడు ఎలాంటివాడన్న దగ్గర తగువు పడతారు: ఆయనకు కుమారుడున్నాడా లేడా, త్రిత్వంగా ఒక్కడా ఒంటరిగా ఒక్కడా అని. ఒక మనిషి గురించి తప్పుడు సమాచారం ఉన్నా మాట్లాడుతున్నది ఆ మనిషి గురించే కావచ్చు. కాథలిక్ చర్చి 1965 అక్టోబరు 28న వెలువరించిన ప్రకటనలో, ముస్లింలు కూడా సృష్టికర్త అయిన ఏకైక దేవుణ్నే ఆరాధిస్తున్నారని ఒప్పుకుంది. అది ఆషామాషీగా అన్న మాట కాదు, ఏళ్ల తరబడి వాదించుకుని రాసుకున్నది.

అయినా అక్కడైనా లెక్క తేలిందా? అమెరికాలో వీటన్ కాలేజీ అనే క్రైస్తవ విద్యాసంస్థలో ల్యారీసియా హాకిన్స్ అనే ప్రొఫెసర్, 2015 డిసెంబరులో ముస్లింలకు సంఘీభావంగా తలకు హిజాబ్ కట్టుకుని, మనం కొలిచేది ఒకే దేవుణ్ని అన్నందుకు కాలేజీ ఆమెను సెలవులో పెట్టింది. కొద్ది నెలల్లోనే ఆమె అక్కణ్నుంచి వెళ్లిపోయింది. మలేషియాలో కాథలిక్ పత్రిక ఒకటి మలయ్ భాషలో దేవుణ్ని అల్లా అని రాయవచ్చా అన్న కేసు హైకోర్టులో గెలిచి, 2013లో అప్పీలు కోర్టులో ఓడింది. ఆ మరుసటి ఏడాది పై కోర్టు కూడా తలుపు మూసేసింది. ఒకే తాత కథ చెప్పుకునేవాళ్ల మధ్యే ఇంత తకరారు.

దీని నుంచి నేను తీసుకునేది ఇది. రెండు పేర్లు ఒకే దేవుణ్ని సూచిస్తున్నాయని చెప్పాలంటే ఏదో ఒక ముడి చూపించాలి: ఒకే కథ నుంచి దిగివచ్చిన ముడో, గుణాలు సరిపోయిన ముడో. యెహోవాకూ అల్లాకూ మొదటి ముడి ఉందని వాదించవచ్చు. యెహోవాకూ వేంకటేశ్వరుడికీ ఏ ముడి ఉంది? కథ ఒక్కటి కాదు. గుణాలూ కలవవు: ఒకరికి ఆలుమగల అనురాగం, పద్మావతి కల్యాణం, కుబేరుడి దగ్గర అప్పు ఉన్నాయి. ఇంకొకరికి విగ్రహం పేరెత్తితేనే ఆగ్రహం. రెండూ గొప్ప భావనలే కావచ్చు. ఒకటి మాత్రం కావు.

కలపాలంటే కలపొచ్చు, అదీ మన దగ్గరే జరిగింది. శైవ వైష్ణవాలు కత్తులు నూరుకుంటున్న పదమూడో శతాబ్దంలో నెల్లూరు తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. హరి అన్నా హరుడన్నా ఒకటేలే అని చేతులు దులుపుకోకుండా, ఇద్దరినీ కలిపి ఒక దైవాన్ని ఊహించి, ఆ దైవం ముందు తన జీవితకృషిని పెట్టాడు. అదే శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు శివుడు తప్ప మరో దైవాన్ని లెక్కచేయని బసవ పురాణం రాశాడు. ఇద్దరిలో ఎవరిది సరైనదో నేను చెప్పను. ఇద్దరూ తమ దేవుడెవరో తెలిసి మాట్లాడినవాళ్లు. ఇవాళ్టి స్టిక్కరు మాటకు ఆ కష్టమూ లేదు, ఆ నిబద్ధతా లేదు.

4. సాయిబాబానే సాక్షి అంటారా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ వాదం చేసేవాళ్లకు చివరి ఆసరా బాబా. షిర్డీలో పాడుబడ్డ మసీదులో ఉన్నాడు, దానికి ద్వారకామాయి అని పేరు పెట్టాడు, ధుని వెలిగించాడు, హిందువులు హారతిస్తే పట్టించుకున్నాడు, నోటితో "అల్లా మాలిక్" అన్నాడు. ఇంతకంటే ఏం కావాలి అంటారు.

బాబా జీవితకథ సాయి సచ్చరిత్ర తీసి ఉర్సు అధ్యాయం చదవండి. షిర్డీలో ఉర్సు 1897లో మొదలైంది. శ్రీరామనవమి ఉత్సవం 1912లో దానికి తోడైంది. రెండూ ఒకే రోజు. ముస్లింల చందనం ఊరేగింపు ఒకవైపు, హిందువుల జెండాల ఊరేగింపు ఒకవైపు, పక్కపక్కనే ఏ గొడవా లేకుండా సాగాయి. వాటిని కలిపి ఒక్క పండగ చేయమని బాబా అనలేదు. రాముడి పేరు తీసి అల్లా అనమనలేదు, అల్లా పేరు తీసి రాముడనమనలేదు. వేరుగా ఉన్నవాళ్లను వేరుగానే ఉంచి పక్కపక్కన నడిపించిన మనిషిని తీసుకొచ్చి, వేరుదనమే లేదనడానికి సాక్షిని చేశారు.

1918 అక్టోబరు 15న, విజయదశమి నాడు ఆయన దేహం వదిలాక ఏం జరిగిందో కూడా అదే పుస్తకంలో ఉంది. ఎక్కడ సమాధి చేయాలన్న దానిపై ముస్లిం భక్తులకూ హిందూ భక్తులకూ పట్టింపు వచ్చింది. ఆరుబయట స్థలంలో పెట్టి గోరీ కట్టాలని కొందరు, భక్తుడు బూటీ కట్టించిన వాడాలోనే పెట్టాలని కొందరు. కోపర్‌గావ్ మామ్లతదారు (తహసీల్దారు) వచ్చి ఓటింగు పెట్టాల్సి వచ్చింది. బూటీ వాడాకు ఎక్కువ ఓట్లు పడ్డాయి. బాబా చుట్టూ బతికినవాళ్లే, ఆయన మాటలు స్వయంగా విన్నవాళ్లే, పేర్లే వేరు కదా అని ఊరుకోలేకపోయారు. అది వాళ్ల తప్పని నేను అనుకోను. మరణం దగ్గర మనిషి తన నమ్మకంతో ఆటలాడుకోడు.

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ గుడిలో పొద్దున కాకడ హారతి నుంచి రాత్రి శేజ హారతి దాకా నాలుగు హారతులు. విగ్రహం, అభిషేకం, నైవేద్యం. నిష్ఠగల ముస్లిం అక్కడ సాష్టాంగపడలేడు. అతని దృష్టిలో అది అల్లాకు మరో పేరు కాదు, అల్లాకు సాటి కల్పించడం. హిందువుల్లోనూ ఏకాభిప్రాయం లేదు: 2014లో ద్వారక శంకరాచార్యులు స్వరూపానంద సరస్వతి సాయిబాబా పూజ తగదన్నారు, ఆ ఆగస్టులో కవర్ధాలో ధర్మసంసద్ పెట్టి తీర్మానమే చేయించారు. నాకు ఆయన మాట నచ్చలేదు. కానీ ఆయన ఒక ప్రశ్న వేశాడు, ఎవరిని ఏ పేరుతో కొలుస్తున్నామన్నది ముఖ్యమేనని. దానికి "అందరూ ఒక్కటే స్వామీ" అని జవాబిచ్చినవాళ్లు ఆయన ప్రశ్నను వినలేదు.

5. పెద్ద పేరు చిన్న పేరును మింగుతుంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. "అన్నీ ఒకే దేవుడి పేర్లే" అన్నప్పుడు ఏ పేరు పైకి తేలుతుంది, ఏ పేరు మునిగిపోతుంది? ఎప్పుడైనా ఎవరైనా "పార్వతి అంటే మా పోచమ్మే" అన్నారా? ఎప్పుడూ "పోచమ్మ అంటే పార్వతేనమ్మా" అనే అంటారు.

ఆషాఢంలో గడ్డిఅన్నారం, కొత్తపేట, సరూర్‌నగర్ గల్లీల్లో బోనాలెత్తుకుని పోయేటప్పుడు పిలిచే పేర్లు మైసమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ, ముత్యాలమ్మ. కట్టమైసమ్మ చెరువు కట్టను కాస్తుంది. పోచమ్మ మశూచి నుంచి పిల్లలను కాచిన తల్లి. వీళ్లు విశ్వాన్ని సృష్టించారని ఏ బోనమెత్తినామే చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ ఆమెకు లేదు. ఈ కట్ట, ఈ గల్లీ, ఈ పిల్లలు: ఇది మైసమ్మ పరిధి. ఆమెను సర్వసృష్టికర్తకు మారుపేరుగా చేస్తే గౌరవం పెంచినట్టు అనుకుంటున్నారేమో. ఆమె పనిని తీసేసి బోర్డు మాత్రం మిగిల్చారు.

ఇది మాటతో ఆగదు. పోచమ్మ పార్వతైన గుడిలో ముందు రాయి పోయి పాలరాతి విగ్రహం వస్తుంది. కల్లు సాక పోసే చోట తీర్థం ఇస్తారు. యాటను కోసే చోట గుమ్మడికాయ కొడతారు. జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ రాత్రంతా చెప్పే బైండ్లాయనకు గుడిలో చోటు పోతుంది, మంత్రం చదివే పంతులు వస్తాడు. దేవుడొక్కడే అన్న సిద్ధాంతం ఇలా అమలైన చోట కింది కులం పూజారి ఉపాధి పోయింది. ఇదేనా ఏకత్వం?

దేవుడే లేనివాళ్ల సంగతి ఇంకా విచిత్రం. చైతన్యపురి మెట్రో స్టేషనుకు దగ్గర్లో, మూసీ ఒడ్డున ఫణిగిరి కాలనీలో కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం ఉంది. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలం నాటిది, ఇంచుమించు ఐదో శతాబ్దం. దానిలో ఉన్నది గోవిందరాజ విహారం ప్రస్తావన, అంటే బౌద్ధ భిక్షువుల నివాసం. మన హైదరాబాదు నగరంలో ఇంత పాత రాత దొరకడమే అరుదు. ఆ బండ మీద బతికిన భిక్షువులు సృష్టికర్తను ఏ పేరుతోనూ పిలవలేదు. వాళ్ల దారిలో ఆ స్థానమే ఖాళీ. వాళ్లను పేర్లే వేరు లెక్కలో ఎక్కడ పెడతారు? బుద్ధుడు విష్ణువు అవతారమని తేల్చేస్తారు, అంతేకదా. అడగాల్సినవాడు చచ్చిపోయి పదిహేను వందల ఏళ్లైంది, అభ్యంతరం చెప్పడానికి రాలేడు.

బతికున్నవాడు అభ్యంతరం చెప్పిన సందర్భమూ మన తెలుగునేల మీదిదే. గోరా నాస్తికుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. గాంధీని కలిసి సేవాగ్రామంలో వాదించాడు. గాంధీకి ఆయన నాస్తికత్వం నచ్చలేదు, అయినా "నువ్వు కూడా వేరే పేరుతో రాముణ్నే కొలుస్తున్నావులే" అని తేల్చి పంపలేదు. నాస్తికుణ్ని నాస్తికుడిగానే కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. ఈశ్వరుడూ అల్లా ఒకే దేవుడి పేర్లన్న భజన పాడించిన మనిషికే ఆ హద్దు తెలుసు. ఆ భజన పాడేవాళ్లకు తెలియడం లేదు.

6. పేర్లే వేరైతే, పేరు మారిస్తే ఏం కాకూడదు కదా!

కుల సర్టిఫికెట్ల సంగతి చూడండి. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాల, మాదిగ మనిషి ఎస్సీ కాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సీ అవుతాడు, దానికి ఒక్క శాతం రిజర్వేషను. ఊళ్లో అతన్ని ఎవరూ కొత్త కళ్లతో చూడరు, వాడ అదే, తిట్టు అదే. దేవుణ్ని పిలిచే పేరు మారింది, చట్టం ముందు మనిషి మారిపోయాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్న మనిషి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ అడగలేడంది.

వేదిక మీద దేవుడొక్కడే అన్న నాయకుడే ఆఫీసులో ఈ ఫైలు మీద సంతకం పెడతాడు. పేర్లే వేరు అని ఆయన నిజంగా నమ్మితే ఈ ఉత్తర్వు ఒక్కరోజు నిలవకూడదు. నమ్మడు కాబట్టే నిలుస్తోంది. ఈ ఉత్తర్వు ఉండాలా పోవాలా అన్నది పెద్ద చర్చ, ఇక్కడ పెట్టుకోను. ఉన్నంతకాలం మాత్రం "పేర్లే వేరు" అని ఒక మాదిగ క్రైస్తవుడి ముఖం మీద చెప్పడం ఎకసెక్కెం.

తిరుమలకు వెళ్లే అన్యమతస్థుడు స్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇవ్వాలి. గుడి తన దేవుణ్ని తన దేవుడిగా నిలుపుకోవడం నాకు అర్థమవుతుంది. 2025 ఫిబ్రవరిలో టీటీడీ 18 మంది హిందూయేతర ఉద్యోగులపై చర్య తీసుకున్నప్పుడు, "ఏ దేవుడైతే ఏంది" అనేవాళ్లలో చాలామంది దాన్ని సమర్థించారు. రెండూ కలిపి ఎలా నమ్ముతారో వాళ్లే చెప్పాలి.

మన కాలనీలకే వద్దాం. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి గల్లీల్లో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతుంటారు. "మీరు ఏవాళ్లు?" ఆ ప్రశ్నకు జవాబు విని, "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేసినమమ్మా" అనే ఇంటాయన దేవుడి గదిలోనూ షిర్డీ బాబా పటం ఉంటుంది.

7. శాంతి కోసమైనా అబద్ధం చెప్పొచ్చా?

ఇదే వాళ్ల అసలు బలం. నిజమో కాదో పక్కనపెట్టు, జనం నమ్మితే మంచిదే కదా అంటారు. ముఖ్యంగా ఈ ప్రాంతంలో ఆ మాటకు బరువుంది. 2002 నవంబరు 21న సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాండు చుట్టుపక్కల రెండు బాంబులు పేలాయి. ఈ రెండో కేసులో కింది కోర్టు 2016లో వేసిన మరణశిక్షలను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. ఆ రోడ్డు మీద నడిచేవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేరు.

కానీ ఆ పని చేసినవాళ్లు దేవుడొక్కడేనని తెలియక చేశారా? ఆ సంగతి అందరికంటే గట్టిగా నమ్మినవాళ్లే చేశారు. క్రీ.శ. 680లో కర్బలాలో రెండు పక్షాలూ ఒకే అల్లాను తలుచుకున్నాయి. 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్లు యూరపును తగలబెట్టిన యుద్ధంలో రెండు పక్షాలూ ఒకే క్రీస్తు పేరు చెప్పాయి. ఒకే దేవుడన్న నమ్మకం కత్తిని ఆపుతుందనడానికి చరిత్రలో ఆధారం లేదు. ఒక్కోసారి అదే కత్తికి పదును.

అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. నువ్వూ నేనూ ఒకే దేవుణ్ని కొలుస్తాం కాబట్టి నిన్ను గౌరవిస్తాను అన్నామనుకోండి. రేపు నువ్వు కొలిచేది వేరని తేలితే? అసలు ఎవరినీ కొలవడం లేదని తేలితే? 2024 డిసెంబరులో పాట్నాలో ఒక గాయని ఆ గాంధీ భజనే పాడితే సభలో అల్లరి చేసి క్షమాపణ చెప్పించారు. అల్లా పేరు మా దేవుడి పేరు కాదన్నది అల్లరి చేసినవాళ్ల వాదం. "కాదు, ఒక్కటే" అని వాళ్లతో వేదాంతం వాదించి లాభం లేదు. ఒక్కటైనా కాకపోయినా పాడే హక్కు ఆమెకుంది అని చెప్పాలి. ఆ జవాబు మనకు చేతకావడం లేదు, ఎందుకంటే ఇన్నేళ్లుగా హక్కును వదిలేసి ఏకత్వాన్ని పట్టుకున్నాం.

ఆ జవాబు ఎలా చెప్పాలో ఒక తెలుగు జడ్జీ చూపించాడు. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు మాత్రం కాదు. తమ యెహోవాకు తప్ప ఇంకెవరికీ స్తుతి పాడకూడదన్నది వాళ్ల నమ్మకం. బడి వాళ్లను వెళ్లగొట్టింది. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి, అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతపు మనిషి. జాతీయ గీతంలోని భాగ్యవిధాతా, మీ యెహోవా ఒక్కరేనమ్మా, పాడండి అని ఆయన చెప్పి ఉండవచ్చు. మన సభల్లో వక్తలైతే తప్పకుండా అలాగే చెప్పేవారు. ఆయన ఆ దారి పట్టలేదు. పిల్లల నమ్మకం తనకు సబబుగా ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదన్నాడు. అది వాళ్లు నిజాయితీగా నమ్మినది, నిలబడి గౌరవం చూపారు, అది చాలు అన్నాడు. రాజ్యాంగం 25వ అధికరణ అంతఃకరణ స్వేచ్ఛను ఇస్తూ, మీ దేవుళ్లందరూ ఒక్కరైతేనే అన్న షరతు ఎక్కడా పెట్టలేదు.

కాబట్టి ఈ ప్రాంతంలో సర్వమత సమావేశాలు పెట్టే పెద్దలకు నా విన్నపం ఒకటే. వచ్చేసారి మీ ముగ్గురు వక్తలనూ "దేవుడొక్కడేనా?" అని అడగకండి. పక్కవాడి మతంలో మీరు ఎప్పటికీ ఒప్పుకోలేనిది ఏమిటి, ఒప్పుకోకుండానే అతనికి మీ ఇల్లు అద్దెకిస్తారా అని అడగండి. జవాబు చెప్పలేని వక్తకు శాలువా కప్పకండి.